తల ఒకడిది, చెయ్యి ఇంకొకడిదా?

"ఇంతకీ నువ్వు సైకాలజిస్టువా, కర్రసాము మాస్టారువా?"

ఇరవయ్యేళ్లుగా నన్నీ ప్రశ్న అడుగుతున్నారు. సెమినార్లలో టీ తాగుతూ అడుగుతారు. ఇంటర్వ్యూ బోర్డుల్లో కళ్లద్దాలు సర్దుకుంటూ అడుగుతారు. అడిగేటప్పుడు పెదాల మీద చిన్న నవ్వుంటుంది. ఆ నవ్వు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఒక పెద్దమనిషి దయతలిచి సలహా కూడా ఇచ్చాడు. "ఆ కర్ర సంగతి బయోడేటాలో రాయమాకయ్యా, చులకనైపోతావు" అన్నాడు.

వాళ్లలో కచేరీలు చేసే డాక్టరుంటాడు. నాట్యమాడే కలెక్టరుంటుంది. వాళ్లని ఎవడూ నువ్వు డాక్టరువా, పాటగాడివా అని అడగడు. అది వాళ్లకి బహుముఖ ప్రజ్ఞ. నాకైతే రెండు పడవల మీద కాళ్లు!

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు. మర్యాదగా చెప్పటం నాకు చేతగాదు.

మాది తెనాలి దగ్గర ఒక మాదిగపల్లె. మా తాత కర్రసాములో మొనగాడు. పీర్ల పండక్కీ తిరునాళ్లకీ తాత కర్ర తిప్పుతుంటే కర్ర కనపడేది కాదు, గాలి రొద ఒక్కటే వినపడేది. చుట్టూ నలుగురు నిలబడి నిమ్మకాయలు విసిరితే ఒక్కటి కూడా ఒంటికి తగలనిచ్చేవాడు కాదు. ఊరోళ్లు అరుగుల మీద కూర్చుని "భలేరా!" అనేవాళ్లు. డెబ్బయ్యేళ్ల ముసలాణ్ణి పట్టుకుని 'రా'!

తెల్లారితే అదే తాత ఊళ్లోంచి పోవాల్సొచ్చినప్పుడు చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. ఆ చెప్పులు ఆయన కుట్టినవే. ఊరందరి కాళ్లకీ చెప్పులు కుట్టినోడు ఊళ్లో చెప్పులేసుకోకూడదు. పదేళ్ల ఆసామి కొడుకు ఎదురొస్తే నడుం వంచి పక్కకి తప్పుకునేవాడు. నాకు కడుపు మండిపోయేది. ఒకరోజు అడిగేశా.

"తాతా, కర్ర నీ చేతిలోనే ఉందిగా?"

తాత చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "కర్ర నా చేతిలోనే ఉందిరా అబ్బాయ్. చెయ్యే నా చేతిలో లేదు" అన్నాడు.

ఆ మాట అర్థం కావటానికి నాకు ఒక ఎం.ఏ. డిగ్రీ, ఒక బ్లాక్‌బెల్టు, ముప్పయ్యేళ్ల బతుకు పట్టాయి.

1985 జులై 17న కారంచేడు జరిగినప్పుడు నాకు పదేళ్లు. మంచినీళ్ల చెరువు పాడు చెయ్యొద్దన్న పాపానికి ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినప్పుడు పదహారేళ్లు. అది మాకు సైకిలు మీద పోయేంత దూరం. ఎనిమిదిమందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో తొక్కారు. కబురు తెలిసి నేను తెనాలి హాస్టలు నుంచి ఇంటికి పరిగెత్తుకొచ్చా. ఆ రాత్రి మా పల్లెలో దీపం పెట్టలేదు. చిన్నవాళ్లిద్దర్నీ అమ్మ మంచం కిందికి నెట్టింది. నన్ను గోడకి ఆనించి నా నోటి మీద చెయ్యి పెట్టింది. తాత కర్ర చూరులోనే ఉంది. ఎవరూ తియ్యలేదు.

మా పల్లె మీదికి ఎవరూ రాలేదు. రాకుండానే మమ్మల్ని చంపేశారు. ఆ తర్వాత చాలాకాలం రాత్రిపూట ట్రాక్టరు చప్పుడైతే నా ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఒంటేలుకి బయటికి పోవాలన్నా కాళ్లు లేచేవి కావు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కాగితం మీద కేసు కొట్టెయ్యొచ్చు. మా ఒంట్లో దూరిన భయాన్ని ఏ కోర్టు కొట్టేస్తుంది?

ఆ ఏడే తెనాలిలో కరాటేలో చేరా. మొదటిరోజు మాస్టారు గుమ్మం దగ్గర "చెప్పులు విప్పి రా" అన్నాడు. నా గుండె గతుక్కుమంది. ఇక్కడ కూడానా? వెనక్కి తిరిగి చూస్తే ఊరోళ్ల పిల్లలు కూడా బూట్లు విప్పుతున్నారు. వాళ్ల బూట్లు, నా హవాయి చెప్పులు ఒకే వరసలో ఉన్నాయి. నా బతుకులో ఆ వరస చూడటం అదే మొదలు. ఆరోజు నేర్చుకున్న దెబ్బలు మర్చిపోయా. ఆ వరస మర్చిపోలేదు.

కరాటే అంటే జపాను మాటలో ఖాళీ చెయ్యి. సెంటు భూమి లేని మా పల్లెలో ఎవరి చెయ్యి చూసినా ఖాళీయే. ఇది మాకోసమే పుట్టిన విద్య అనుకున్నా. మురిసిపోయా. ఆ మురిపెం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక సీనియరు నా కిక్కు చూసి మెచ్చుకున్నాడు. "మీవాళ్లకి ఒళ్లు గట్టిదిలే, పుట్టుకతో వచ్చుద్ది" అన్నాడు. వాడి కిక్కు బాగుంటే సాధన. నా కిక్కు బాగుంటే పుట్టుక! చెమట కారిస్తే కులం పోదని అప్పుడు తెలిసింది. 1998లో నడుముకి నల్ల బెల్టు కట్టుకున్నా. ఊళ్లో టీ కొట్టు దగ్గర నా గ్లాసు మాత్రం వేరే మేకుకే వేలాడుతుండేది.

ఆ రోజుల్లోనే సైకాలజీ ఎం.ఏ. చేశా. ఎందుకు చేశానంటే నా కాళ్లు ఎందుకు లేవలేదో తెలుసుకోవాలని. అంతకంటే గొప్ప కారణం లేదు.

క్లాసులో ఒకరోజు కుక్కల ప్రయోగం చెప్పారు. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చేసింది. కుక్కల్ని కదలకుండా కట్టేసి కరెంటు షాకులిచ్చారు. ఏం చేసినా షాకు ఆగదు. తర్వాత వాటిని ఒక పెట్టెలో వదిలారు. మధ్యలో చిన్న అడ్డు, దూకితే అవతల షాకు లేదు. అయినా చాలా కుక్కలు దూకలేదు. పడుకుని మూలిగాయి. దీనికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు.

పాఠం చెప్పినాయన మా రెండు బెంచీల వైపు చూసి, "మన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో కనపడేది ఇదే" అన్నాడు. క్లాసంతా మావైపు తిరిగింది. నేను లేచి అడిగా. "సార్, కరెంటు స్విచ్చి ఎవరి చేతిలో ఉంది?"

"సిలబస్‌లో లేని ప్రశ్నలు వద్దు" అన్నాడు.

మిత్రులారా, వాళ్ల సైకాలజీ అంతా ఆ ఒక్క జవాబులో ఉంది. కుక్క ఎందుకు దూకలేదో యాభయ్యేళ్లు పరిశోధిస్తారు. స్విచ్చి మీద చెయ్యి ఎవడిదో అడిగితే మాత్రం సిలబస్‌లో లేదంటారు.

ఆ పాఠంలో ఆయన చెప్పని ముక్క ఇంకోటి ఉంది. లైబ్రరీలో చదువుకున్నా. ఆ కుక్కల్ని బాగుచెయ్యటానికి 1968లో వాళ్లు ఒక పని చేశారు. మెడకి తాడు కట్టి, అడ్డం మీదుగా అవతలికి లాగారు. ఒకసారి కాదు, పదే పదే. కాళ్లతో దాటటం ఒంటికి తెలిశాక కుక్కలు వాటంతటవే దూకాయి. 2016లో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. తప్పించుకోలేని బాధలో చచ్చుబడిపోవటం నేర్చుకునేది కాదట, అది మెదడుకి సహజంగానే వస్తుందట. నేర్చుకోవాల్సింది 'నా చేతుల్లో కూడా కొంత ఉంది' అన్నదట. అది నేర్చుకున్న మెదడే ఆ చచ్చుదనాన్ని ఆపుతుందట.

ఆ రాత్రి నాకు తాత మాట తెలిసొచ్చింది. చెయ్యే నా చేతిలో లేదు! ఒంట్లోంచి దూరిన భయం ఒంట్లోంచే పోవాలి. కుర్చీలో కూర్చోబెట్టి చెప్పే మాటలు ఒక్కటే చాలవు. అయితే మనం కుక్కలం కాదు. మన మెడకి తాడు కట్టి ఎవడూ లాగక్కర్లేదు. మనమే దాటాలి. దాటి ఊరుకోకూడదు, తిరిగొచ్చి ఆ కరెంటు తీగ కొయ్యాలి.

ఇది నా ఒక్కడి ఉక్రోషం కాదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత చిక్కుదారుల బొమ్మల్లో దారి వెతికించారు. ఆ ఫలితాలు 2004లో బయటికొచ్చాయి. కులం ఎత్తనంతసేపూ 'పై' కులాల పిల్లలూ 'కింది' కులాల పిల్లలూ సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, కులం చదివాక మన పిల్లలు వెనకబడ్డారు. తెలివి ఎక్కడికీ పోలేదు. కులం పిలిచేసరికి చెయ్యి ఆగిపోయింది. దీన్ని 'ఆత్మన్యూనత' అంటారా? ప్రతిభ లేదంటారా? హాజరుపట్టీ చదివేవాడి గొంతులో ఉన్న రోగాన్ని పిల్లాడి తలకాయలో వెతుకుతారా?

ఊరోళ్లనే తిట్టి చేతులు దులుపుకోను. నా తప్పులు కూడా చెప్పాలి.

2006లో నేనొక కాలేజీలో కౌన్సిలరుగా ఉన్నా. ఒక హాస్టలు కుర్రాణ్ణి నా దగ్గరికి పంపారు. మొదటి తరంలో చదువుకొచ్చినవాడు. నిద్ర పట్టటం లేదు, క్లాసులో పేరు పిలిస్తే గొంతు పెగలటం లేదు. స్కాలర్‌షిప్పు లిస్టు అందరి ముందూ చదువుతారట. ల్యాబులో ఇతని బ్యాచీలోకి ఎవరూ రారట. నేనేం చేశానో తెలుసా? కళ్లు మూసుకుని ఊపిరి ఎలా తీయాలో నేర్పా. ఫైల్లో 'అడ్జస్ట్‌మెంట్ సమస్య' అని రాశా. నాకు నేర్పిన మాటే అది. నేను మాదిగోణ్ణి. నా ఎదురుగా కూర్చుంది మా పిల్లాడు. మా ఇద్దరి మధ్యా ఆ టేబులు మీద కులం అనే మాట ఒక్కసారి కూడా పడనియ్యలేదు. ఉద్యోగం కొత్త. చులకనైపోతానని భయం.

పోతూ పోతూ వాడు గుమ్మంలో ఆగి అడిగాడు. "సార్, నేను అడ్జస్టవ్వాల్సింది ఎవరికి?"

వారం తిరక్కుండా చదువు మానేసి వెళ్లిపోయాడు. 2016 జనవరి 17న హైదరాబాదులో రోహిత్ వేముల పోయిన రోజు నాకు మా కుర్రాడి మొహమే కనపడింది. ఆ రాత్రి వాడి కోసం ఎన్ని ఫోన్లు చేశానో! బతికే ఉన్నాడు. పెయింటు పనికి పోతున్నాడు. వాడు బతికుండటంలో నా సైకాలజీ గొప్ప ఏమీ లేదు.

రెండో తప్పు రెండో చేతిది. 2009లో మా పల్లె కుర్రాళ్లకి కర్రసాము, కరాటే నేర్పుతున్నా. కండలు పెంచా, పిడికిళ్లు గట్టిపరిచా. మనవాళ్లు తలెత్తుకుంటున్నారని గర్వపడ్డా. ఒకరోజు ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల దవడ వాచి ఉంది. "మాస్టారూ, మీరు నేర్పిన చెయ్యి ఊరోళ్ల మీదికి పోలేదు. నా బిడ్డ మీద పడింది" అంది. కొట్టినవాడు నా దగ్గర ఆకుపచ్చ బెల్టు తీసుకున్న కుర్రాడు. పగలు ఆసామి దగ్గర తిన్న తిట్లు రాత్రి పెళ్లాం మీద దించాడు.

రెండు వారాలు క్లాసు మూసేశా. ఊపిరి పట్టమని చెప్పే నా తల, గుద్దమని చెప్పే నా చెయ్యి ఒకదానికొకటి తెలియకుండా బతుకుతున్నాయి. కాలేజీలో చెయ్యి దాచుకున్నా, వాడలో తల దాచుకున్నా. రెండిటినీ కలపకపోవటమే నా నేరం.

ఇప్పుడెలా నేర్పుతున్నానో చెబుతా. మొదటి వారం దెబ్బ లేదు. పాదాలు రెండూ నేలకి ఆనించి నిలబడటం, మెడ ఎత్తి ఎదుటివాడి కళ్లలోకి చూడటం, కడుపులోంచి కేకెయ్యటం, అంతే. కేకంటే తేలికనుకోకండి. పన్నెండేళ్ల ఆడపిల్లకి గొంతు పైకి రాదు. నోటి మీద చెయ్యి లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది. ఎవరిదా చెయ్యి? వాళ్లమ్మది, వాళ్లమ్మమ్మది, చుండూరు నాటి రాత్రి మా అమ్మది. ప్రేమతో పెట్టిన చెయ్యే. దాన్ని మెల్లగా తియ్యాలి.

తర్వాత పడటం నేర్పుతా. దెబ్బ తగలకుండా పడటం, పడ్డాక లేవటం. గుద్దు ఆ తర్వాత. అడక్కుండా ఎవరి ఒంటినీ తాకం, నేను కూడా తాకను. ఒకసారి మణికట్టు పట్టుకుని విడిపించుకోమంటే ఒక పిల్ల కొయ్యబారిపోయింది. మనిషి అక్కడే ఉంది గానీ కళ్లు అక్కడ లేవు. ఆరోజు పాఠం ఆపేసి పక్కన కూర్చున్నాం. ఆ పిల్లని కౌన్సిలింగ్‌కి నా దగ్గరే ఉంచుకోలేదు, ఇంకొక స్నేహితురాలి దగ్గరికి పంపా. బెల్టు ఇచ్చే చెయ్యి, రహస్యం వినే చెవి ఒకరివే కాకూడదు. మాస్టారు చెప్పిందల్లా చెయ్యాలనుకునే పిల్ల, గాయాన్ని మాస్టారు ముందు ఎలా విప్పుద్ది? అందుకే రెండు పనులూ నావే అయినా రెండు గదులు. గ్రౌండులో చూసింది కేసు ఫైల్లోకి పోదు. ఫైల్లో ఉంది గ్రౌండులోకి రాదు.

క్లాసయ్యాక గుండ్రంగా కూర్చుంటాం. ఈ వారం నిన్నెవరు కొట్టారు? నువ్వెవర్ని కొట్టావు? రెండో ప్రశ్నకి జవాబు చెప్పనివాడికి మా దగ్గర బెల్టు లేదు. కాళ్లకి దండం కూడా లేదు. వంగితే ఇద్దరం సమానంగా వంగుతాం.

అబద్ధాలు నేర్పను. నలభైమంది గొడ్డళ్లతో వస్తే కరాటే పనిచెయ్యదు. పరిగెత్తు, కేకెయ్యి, నలుగుర్ని పోగెయ్యి. ఆనక 1989 అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టు. ఎఫ్ఐఆర్ రాయనన్న అధికారికి కూడా ఆ చట్టం నాలుగో సెక్షన్‌లో శిక్ష ఉందని గుర్తు చెయ్యి. ఇదీ మా పాఠంలో భాగమే. స్టేషన్‌లో కుర్చీ ముందు మోకాళ్లు వణక్కుండా నిలబడి ఫిర్యాదు చదవటం మాకొక ఆసనం. దాన్ని రోజూ సాధన చేయిస్తా.

ఇక ఆ నవ్వే పెద్దమనుషుల దగ్గరికొస్తా. రెండూ ఎందుకని అడుగుతున్నారు కదా. మీ పురాణ పురుషుడి ఒంట్లో తల ఒక కులం, భుజాలు ఒక కులం, తొడలు ఒక కులం, పాదాలు ఒక కులం. మేమైతే ఆ ఒంట్లోనే లేము. ఆ నరికిన శవాన్ని సమాజం అంటున్నారు. కులం పనుల్నే కాదు, పనిచేసే మనుషుల్నే ముక్కలు చేసిందని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. తలున్నవాడికి చెయ్యి అక్కర్లేదు, చెయ్యున్నవాడికి తల ఉండకూడదు. ఇదీ మీ లెక్క. ఏకలవ్యుడి బొటనవేలు ఎందుకడిగారు? వాడికి చేతితోపాటు తల కూడా ఉందని తెలిసిపోయింది గనక.

మాకు వేరే వారసత్వం ఉంది. పూనాలో లహూజీ సాళ్వే తాలీంఖానా నడిపాడు. మాంగు కులస్థుడు, మన మాదిగలకి వరసైనవాడు. జోతిరావు ఫూలే కుర్రతనంలో సాము నేర్చింది ఆయన దగ్గరే. 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టాక వాళ్లకి అండగా నిలబడిందీ, అంటరాని పిల్లల్ని చదువుకి పంపమని చెప్పిందీ ఆ పైల్వానే. ఫూలే బడిలో చదివిన పద్నాలుగేళ్ల మాంగు పిల్ల ముక్తా సాళ్వే 1855లో మాంగు, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. తాలీంఖానా, బడి ఒకదానికొకటి అండగా నిలిచాయి. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో పంతులు కూడా. కరాటేని 1922లో ఒకినావా నుంచి టోక్యోకి తీసుకెళ్లిన ఫునకోషి గిచిన్ బడిపంతులే. 1953లో అల్జీరియాలో బ్లీదా ఆస్పత్రికి వెళ్లిన ఫ్రాంజ్ ఫానన్ మానసిక వైద్యుడు. పగలు కదలనివ్వని ఒళ్లు రాత్రి కలల్లో పరుగులు తీస్తుందని కనిపెట్టాడు. రోగుల్ని తయారుచేసే పాలన కింద రోగం కుదర్చలేనని 1956లో రాజీనామా చేశాడు. నా కలల్లో నేనెప్పుడూ గోడలు దూకేవాణ్ణి. ఫానన్ చదివేదాకా అది నా ఒక్కడి పిచ్చి అనుకున్నా.

ఉద్యమాల్లో ఉన్న అన్నలతో కూడా ఒక మాట. "సైకాలజీ వ్యక్తుల గొడవ, మనకి కావాల్సింది పోరాటం" అంటారు మీరు. నిజమే అన్నా, పోరాటం లేకుండా స్విచ్చి మన చేతికి రాదు. కానీ కారంచేడు నుంచి ఇప్పటిదాకా మన కార్యకర్తలెంతమంది తాగి తాగి పోయారు? ఎంతమంది ఇళ్లల్లో ఆడవాళ్లు మన వీరత్వాన్ని వీపు మీద మోశారు? మీటింగులో బల్ల గుద్ది మాట్లాడి, రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చునేవాళ్లు మనలో లేరా? శవాల్ని మోసిన భుజాలకి మందు అక్కర్లేదా? గాయం చూపిస్తే బలహీనత అనటం మనకెవరు నేర్పారు?

పోయినేడాది ఒక ఆదివారం పొద్దున మా క్లాసుకి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. గోళ్లల్లో పెయింటు మరకలు. నేను గుర్తుపట్టా. ఆయన నన్ను "సార్" అనలేదు, "అన్నా" అన్నాడు. ఆనాటి ప్రశ్నకి ఇప్పుడైనా జవాబు చెబుదామని నోరు తెరిచా. "పిల్లకి గొంతు పెగలటం లేదన్నా, చూడు" అన్నాడు.

మొదటిరోజు ఆ పిల్ల నోరు తెరిచింది, శబ్దం రాలేదు. రెండోవారం కూడా రాలేదు. తొందరపెట్టొద్దని వాళ్ల నాన్నకి చెప్పా. నాలుగో ఆదివారం వేసింది కేక. పల్లెలో కుక్కలన్నీ మొరిగాయి. దొడ్లో అంట్లు తోముకునే ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు, ఎవరికేమైందోనని. పిల్ల నవ్వుతోంది. వాళ్ల నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నేను సైకాలజిస్టుని. నేను కర్రసాము మాస్టార్ని. తాత కర్ర చూరులోంచి దించా.

ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి, మా పల్లె చర్చి వెనక. ఊళ్లోంచే రండి. చెప్పులేసుకునే రండి. గ్రౌండు దగ్గర అందరం కలిసి విప్పుదాం, ఒకే వరసలో.